మొదటి సంవత్సరం ప్రవేశాల బాధ్యత: యాజమాన్యం ముందు ఏ లెక్క పెట్టాలి?

కొత్తబాధ్యత

అందరికీ నమస్కారం. మా విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థుల ప్రవేశాల విభాగాన్ని నడిపించే బాధ్యతను ఇటీవల నాకు అప్పగించారు. ఇదే విభాగంలో ఒక ప్రాంతాన్ని చూసుకుంటూ వచ్చాను కాబట్టి పాఠశాలలకు వెళ్లి మాట్లాడడం, దరఖాస్తులు చదవడం, తల్లిదండ్రుల సందేహాలు తీర్చడం నాకు తెలిసిన పనులే. ఇప్పటివరకు నా ప్రాంతం లెక్క నేను చెబితే సరిపోయేది. ఇకమీదట ఎంతమంది చేరారు, ఏయే కోర్సుల్లో చేరారు, వారికి ఎంత ఆర్థిక సాయం ఇవ్వవలసి వచ్చింది అన్న వాటన్నిటికీ నేనే జవాబు చెప్పాలి.

కొన్నేళ్లుగా మాకు వచ్చే దరఖాస్తులు ఏటా పెరుగుతున్నాయి, చేరేవారి సంఖ్య మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. సీటు ఖరారు చేసుకుని కూడా తరగతులు మొదలయ్యే నాటికి రాకుండా పోయేవారు ఎక్కువవుతున్నారు. అయినా మొదటి సమావేశంలో యాజమాన్యం నన్ను అడిగినది, వచ్చే ఏడాది దరఖాస్తులను ఎంత శాతం పెంచగలరనే. ఒక అంకె చెప్పి ఆ పూటకు బయటపడవచ్చు, కానీ ఆ తరువాత ఏడాది పొడవునా పనంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. ఈ పనిలో అనుభవం ఉన్నవారు, యాజమాన్యం ముందు ఏ లెక్క పెట్టాలో, బృందానికి పని ఎలా పంచాలో చెబితే ఎంతో ఉపయోగంగా ఉంటుంది.

లెక్కలగది

మీ ప్రశ్నకు ముందు ఒక ఊహాత్మకమైన లెక్క వేసి చూద్దాం. 10,000 దరఖాస్తులు వచ్చాయనుకోండి. వాటిలో 6,000 మందికి సీటు ఇస్తామన్నారు. వారిలో నాలుగో వంతు, అంటే 1,500 మంది, సీటు ఖరారు చేసుకున్నారు. తరగతులు మొదలయ్యేలోపు నూటికి పది మంది జారిపోయి 1,350 మంది చేరారు. ఇప్పుడు దరఖాస్తు రుసుము తీసేసి, వ్యాసం అడగడం మానేసి, మరో 2,000 దరఖాస్తులు తెచ్చారనుకుందాం. అదే నిష్పత్తిలో 1,200 మందికి సీటు ఇస్తారు. అంత తేలికగా దరఖాస్తు పెట్టినవారిలో నూటికి ఐదుగురు ఖరారు చేసుకుంటే 60 మంది అవుతారు, వారిలోనూ ఐదో వంతు జారిపోతే చివరికి చేరేది 48 మంది. దరఖాస్తులు చదివేవారి పని నూటికి ఇరవై పెరిగింది, తరగతి నూటికి నాలుగు కూడా పెరగలేదు.

ఇదే లెక్కలో మరొక మార్గం ఉంది. కొత్త దరఖాస్తు ఒక్కటీ తేకుండా, జారిపోయేవారిని నూటికి పది నుంచి ఏడుకు తగ్గించగలిగితే 1,500లో 1,395 మంది చేరతారు. అంటే 45 మంది అదనం. రెండు వేల దరఖాస్తుల కోసం పడే శ్రమకు, వేసవిలో కొద్దిమంది ఉద్యోగులు శ్రద్ధగా చేసే పనికి వచ్చే ఫలితం దాదాపు ఒకటే. మీ సొంత అంకెలతో ఇదే పట్టికను ఒకే పేజీలో తయారుచేసి యాజమాన్యం ముందు పెట్టండి.

ఇంకొక విషయం కూడా ఆ పేజీలో ఉండాలి. దరఖాస్తులు పెరగడం చాలావరకు మన గొప్పతనం కాదు. అమెరికాలో ఒకే దరఖాస్తును అనేక కళాశాలలకు పంపుకునే వీలు కల్పించే కామన్ యాప్ 1975లో 15 కళాశాలలతో మొదలైంది, నేడు వెయ్యికి పైగా సంస్థలు అందులో ఉన్నాయి. ఒకసారి వివరాలు నింపిన విద్యార్థి పది చోట్లకు పంపడం పెద్ద పని కాదు కాబట్టి ఒక్కొక్క దరఖాస్తు వెనుక ఉన్న ఆసక్తి పలచబడింది. బ్రిటన్‌లో యూకాస్ అనే ఉమ్మడి ప్రవేశాల సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టేవారు గరిష్ఠంగా ఐదు ఎంపికలే పెట్టుకోగలరు, అందువల్ల అక్కడ ఒక దరఖాస్తుకు ఉన్న బరువు వేరు. మీ దగ్గర ఏ పద్ధతి ఉందో దాన్ని బట్టి మీ అంకెను చదవాలి.

సందేహజీవి

లెక్కలగది గారి పట్టిక బాగుంది, కానీ యాజమాన్యం అడిగిన ప్రశ్నను అంత తేలికగా తీసిపారేయడం సరికాదని నా అభిప్రాయం. ఏడాదిలో మొదట చేతికందే సంకేతం దరఖాస్తే. సీటు ఖరారు చేసుకునేవారి లెక్క తేలడానికి ఇంకా నెలలు పడుతుంది, చేరినవారి లెక్క తేలేసరికి ఏడాదే అయిపోతుంది. బడ్జెట్ వేసేవారు అప్పటిదాకా కళ్లు మూసుకుని కూర్చోలేరు.

దానికి తోడు, కొన్ని దేశాల్లో విద్యార్థుల సంఖ్యే తగ్గుతోంది. అమెరికాలో 2007 తరువాత జననాలు తగ్గుతూ వచ్చాయి. అందువల్ల పాఠశాల చదువు ముగించుకునేవారి సంఖ్య 2025 ప్రాంతంలో శిఖరానికి చేరి అక్కడి నుంచి తగ్గుతుందని అంచనా వేశారు. పేరున్న విశ్వవిద్యాలయాలకు దీనితో పెద్ద ఇబ్బంది లేకపోవచ్చు. ఒకే ప్రాంతంపై ఆధారపడిన చిన్న సంస్థ మాత్రం కొత్త ప్రాంతాలకు, కొత్త పాఠశాలలకు వెళ్లక తప్పదు, వెళితే దరఖాస్తులు పెరగాలి, పెరిగాయో లేదో లెక్కపెట్టాలి. అందువల్ల దరఖాస్తుల సంఖ్య చెప్పండి, దాని పక్కనే అవి ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెప్పండి.

లెక్కలగది

చివరి వాక్యంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, నిజానికి అసలు పని అక్కడే ఉంది. దరఖాస్తుదారులను కనీసం మూడు రకాలుగా విడదీయాలి: ప్రాంగణానికి వచ్చి చూసి వెళ్లినవారు, మన ప్రతినిధిని పాఠశాలలోనో ఆన్‌లైన్ సమావేశంలోనో కలిసినవారు, ముందుగా ఏ పరిచయమూ లేకుండా దరఖాస్తు రోజునే మొదటిసారి మన జాబితాలో కనిపించినవారు. ఈ మూడు గుంపుల చేరిక శాతాలు ఒకదానికొకటి చాలా దూరంగా ఉంటాయి, వాటిని కలిపి సగటు తీస్తే ఆ సగటుతో ఎవరికీ ఉపయోగం ఉండదు. మూడో గుంపు పెరుగుతున్న కొద్దీ అంచనా తప్పే ప్రమాదం కూడా పెరుగుతుంది. తక్కువ మంది చేరితే బడ్జెట్‌లో లోటు వస్తుంది, అనుకున్నదానికంటే ఎక్కువ మంది చేరితే హాస్టల్ గదులు, ప్రయోగశాల బ్యాచులు చాలవు. రెండోదాన్ని కొందరు విజయంగా చెప్పుకుంటారు గానీ, గదిలేక ఇబ్బంది పడిన విద్యార్థి అలా చెప్పుకోడు.

ప్రయాణపుసంచి

బృందం గురించి అడిగారు కాబట్టి నేను ఆ మాట చెబుతాను. ప్రాంతాలను పంచేటప్పుడు ఒక్కొక్కరికీ ఎన్ని పాఠశాలలు వచ్చాయన్నదే చాలామంది చూస్తారు. చూడవలసినవి ఇంకా ఉన్నాయి: ఆ ప్రాంతం నుంచి వచ్చే దరఖాస్తులను ఎవరు చదవాలి, ఆ విద్యార్థులకు ఆఫర్ వచ్చిన తరువాత ఫోన్ ఎవరు చేయాలి, వేసవిలో వారి సందేహాలకు ఎవరు జవాబు చెప్పాలి. ఈ నాలుగు పనులూ ఒకే మనిషి చేతిలో ఉన్నప్పుడు ఆ మనిషికి ఆ ప్రాంతం తెలుస్తుంది. ఫలానా పాఠశాలలో మార్కులు గట్టిగా వేస్తారని, ఫలానా చోట పై స్థాయి గణితం బోధించేవారే లేరని, ఫలానా ఊరి పిల్లలు ఇంటికి దూరంగా వెళ్లడానికి వెనుకాడతారని తెలిసినవారు దరఖాస్తు చదివే తీరు వేరుగా ఉంటుంది.

కాబట్టి ఏటా ప్రాంతాలు మార్చవద్దు. పాఠశాలలోని కౌన్సెలర్‌తో నమ్మకం కుదరడానికి ఒక సీజన్ చాలదు. మీ విశ్వవిద్యాలయం ఏ విద్యార్థికి సరిపోదో కూడా దాచకుండా చెప్పే ప్రతినిధికే కౌన్సెలర్లు తమ మంచి విద్యార్థులను పంపుతారు. ఇది వినడానికి వింతగా ఉన్నా, పాఠశాలలకు తిరిగినవారెవరైనా ఒప్పుకుంటారు.

రెండో జాగ్రత్త, ప్రయాణాల కాలానికీ దరఖాస్తులు చదివే కాలానికీ మధ్య కొంత ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంచండి. ఈ ఉద్యోగంలోకి వచ్చేవారు ఎక్కువగా చిన్న వయసువారు, అదే విశ్వవిద్యాలయంలో చదివి ఉత్సాహంతో చేరినవారు. వారాల తరబడి ప్రయాణం చేసి తిరిగి రాగానే వందల దరఖాస్తులు ముందు పడితే రెండేళ్లలో మానేస్తారు. వారితో పాటు ఆ ప్రాంతపు పరిచయాలన్నీ వెళ్లిపోతాయి, కొత్తగా వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మీరు యాజమాన్యానికి చూపించే పేజీలో ప్రతినిధుల సగటు అనుభవం ఎంతో కూడా ఒక గడిలో పెట్టమని నా సలహా.

పాతరిజిస్ట్రార్

ప్రతినిధుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఒక్కొక్కరికీ లక్ష్యం ఇచ్చి, చేర్చిన విద్యార్థుల సంఖ్యను బట్టి ప్రోత్సాహకం ఇద్దామని ఎవరో ఒకరు తప్పకుండా ప్రతిపాదిస్తారు. అమెరికాలో ప్రభుత్వ విద్యార్థి సాయం పొందే సంస్థలు ఇలా చేయడాన్ని 1992లోనే చట్టం నిషేధించింది. తరువాత కొన్ని మినహాయింపులు ఇచ్చారు, వాటి చాటున పాత అలవాట్లే సాగడంతో 2010లో నిబంధనలు సవరించి 2011 నుంచి ఆ మినహాయింపులను తొలగించారు. మీ దేశంలో అటువంటి చట్టం ఉన్నా లేకున్నా, కారణం మాత్రం అన్నిచోట్లా ఒకటే. తలకింత అని డబ్బు ముట్టే మనిషి, ఈ కోర్సు నీకు సరిపోదు అన్న మాటను విద్యార్థితో అనడు.

ఆర్థికసాయం_బల్ల

ఇంతవరకు ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు, కానీ ఆఫర్ వచ్చిన విద్యార్థి ఇంట్లో మొదట మాట్లాడుకునేది దాని గురించే. ఈ విషయంలో నేను తరచుగా ప్రస్తావించేది మిషిగన్ విశ్వవిద్యాలయం 2015లో మొదలుపెట్టిన హెయిల్ స్కాలర్‌షిప్ ప్రయోగం. తక్కువ ఆదాయ కుటుంబాల్లోని ప్రతిభావంతులైన విద్యార్థులను ఎంచుకుని, వారికి, వారి తల్లిదండ్రులకు, పాఠశాల ప్రిన్సిపాళ్లకు, దరఖాస్తు చేసుకోకముందే ఉత్తరాలు పంపారు. సీటు వస్తే నాలుగేళ్లు ట్యూషన్ ఫీజు కట్టనవసరం లేదని, అందుకోసం ఆర్థిక సాయం ఫారాలేవీ నింపనవసరం లేదని అందులో హామీ ఇచ్చారు. ఉత్తరం అందినవారిలో నూటికి 68 మంది దరఖాస్తు చేసుకున్నారు, అందనివారిలో 26 మందే చేసుకున్నారు. చేరినవారు ఒకవైపు నూటికి 27 మంది, మరోవైపు 12 మంది.

గమనించవలసినది ఏమిటంటే, ఆ విద్యార్థుల్లో అత్యధికులకు ఫారాలు నింపితే ఎటూ దాదాపు అంత సాయమూ వచ్చేదే. విశ్వవిద్యాలయం తన ఖజానా నుంచి అదనంగా పెద్దగా ఇచ్చింది లేదు. ఎంత అవుతుందో తెలియని స్థితిని ముందుగానే తొలగించింది, అంతే. చాలా సంస్థలు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తాయి. అభినందనల ఉత్తరం ముందు పంపి, ఫీజు ఎంత అన్న సంగతి వారాల తరువాత, నాలుగు రకాల రుణాలను కూడా సాయం కింద కలిపి చూపే ఒక గందరగోళపు కాగితంలో చెబుతాయి.

ఆలస్యం ఎంత పని చేస్తుందో 2024 ప్రవేశాల్లో అందరూ చూశారు. సాధారణంగా అక్టోబరు 1న తెరుచుకునే అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయం దరఖాస్తు, కొత్త రూపంలోకి మారే క్రమంలో 2023 డిసెంబరు చివరికి గానీ తెరుచుకోలేదు, ఆ వివరాలు కళాశాలలకు చేరడం 2024 మార్చిలో గానీ మొదలు కాలేదు. మే 1 లోపు నిర్ణయం చెప్పమని విద్యార్థులను అడిగే ఆనవాయితీని చాలా కళాశాలలు పక్కనపెట్టి మే 15కో జూన్ 1కో గడువు జరపవలసి వచ్చింది. కొత్తబాధ్యత గారూ, మీ దగ్గర ఆఫర్ ఉత్తరం వెళ్లిన రోజుకూ ఖర్చు వివరాలు వెళ్లిన రోజుకూ మధ్య ఎంత వ్యవధి ఉందో ముందు లెక్కించండి. ఆ లెక్క మీ విభాగంలో ఎవరి దగ్గరా లేకపోయినా నేను ఆశ్చర్యపోను.

సందేహజీవి

హెయిల్ ఫలితాలు నేనూ చదివాను. అయితే అది రాష్ట్రమంతటా పేరున్న విశ్వవిద్యాలయం, పైగా ఎంచుకున్నవారు మంచి మార్కులున్న విద్యార్థులు. పేరులేని సంస్థ అటువంటి ఉత్తరం పంపితే అదే స్పందన వస్తుందని చెప్పలేం. ముందుగా హామీ ఇస్తే సరిపోతుందన్న నమ్మకానికి ఎదురుగా మరొక ఉదాహరణ ఉంది. అడగకముందే సీటు ఇచ్చే పద్ధతిని 2015లో ఐడహో రాష్ట్రం మొదలుపెట్టింది, తరువాత కామన్ యాప్ కూడా ప్రయోగాత్మకంగా చేపట్టింది. కొన్ని రాష్ట్రాల్లో యాదృచ్ఛికంగా ఎంపిక చేసి జరిపిన ప్రయోగంలో దరఖాస్తులు పెరిగాయి గానీ, చేరికలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సీటు ఖాయమని చెప్పారు, ఖర్చు సంగతి చెప్పలేదు.

ఆర్థికసాయం_బల్ల

మీరు నన్ను ఖండిస్తున్నట్టు మొదలుపెట్టి నా వాదాన్నే బలపరిచారు. సీటు గురించిన భరోసా ఒక్కటే చాలదు, డబ్బు గురించిన భరోసా కూడా దానితో కలిసి ఒకే కవరులో రావాలి. పేరు విషయంలో మీ అభ్యంతరం న్యాయమైనదే, చిన్న సంస్థలో స్పందన తక్కువగానే ఉండవచ్చు. కానీ చిన్న సంస్థకు ఉన్న సౌలభ్యం ఏమిటంటే, రెండు విభాగాల అధిపతులు ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఆ రెండు ఉత్తరాలనూ ఒకటిగా చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

వేసవిబల్ల

నేను ఖరారైన సీట్లు జారిపోయే కాలంలో పనిచేసే మనిషిని, అందువల్ల కాస్త విస్తారంగా రాస్తాను. సీటు ఖరారు చేసుకున్న విద్యార్థి రాకపోవడానికి మనసు మార్చుకోవడమే కారణమని పై అధికారులు అనుకుంటారు. కొందరు నిజంగానే వేరే చోటికి వెళతారు. మిగిలినవారిని అడ్డుకునేవి చూడడానికి చాలా చిన్నవి: టీకా ధ్రువపత్రం అప్‌లోడ్ కాలేదు, రుణ ఒప్పందంపై తండ్రి సంతకం లేదు, హాస్టల్ అడ్వాన్సు కట్టే గడువు దాటింది, పాఠశాల నుంచి తుది మార్కుల జాబితా రాలేదు. ఇంట్లో ఇంతకుముందు ఎవరూ కళాశాలకు వెళ్లకపోతే, ఈ ఇబ్బందుల్లో ఏది పెద్దదో ఏది చిన్నదో చెప్పేవారు ఉండరు. పాఠశాల కౌన్సెలర్ సెలవులో ఉంటారు, విశ్వవిద్యాలయంలో మెంటార్‌ను ఇంకా కేటాయించరు.

ఈ సమస్యపై బెంజమిన్ కాసిల్‌మన్, లిండ్సే పేజ్ అనే పరిశోధకులు చాలాకాలం పనిచేశారు. కళాశాలకు వెళతామని నిశ్చయించుకున్నవారిలో నూటికి 10 నుంచి 20 మంది ఆ వేసవిలోనే ఆగిపోతున్నారని, తక్కువ ఆదాయ కుటుంబాల్లో ఈ ఇబ్బంది ఇంకా తీవ్రమని వారు చూపించారు. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2016లో పౌన్స్ అనే చాట్‌బాట్‌ను కొత్త విద్యార్థుల ఫోన్లకు సందేశాలు పంపేలా ప్రవేశపెట్టింది. ఆ ఒక్క వేసవిలోనే అది రెండు లక్షలకు పైగా ప్రశ్నలకు జవాబిచ్చింది, జారిపోయేవారు సుమారు ఐదో వంతు తగ్గారు.

అది చదవగానే ఒక సందేశాల సాఫ్ట్‌వేర్ కొనేద్దామని తొందరపడకండి. 2019లో వెలువడిన మరొక పెద్ద అధ్యయనంలో, ఆర్థిక సాయానికి దరఖాస్తు చేసుకోమని 8 లక్షల మందికి పైగా విద్యార్థులకు సందేశాలు పంపి చూస్తే, చేరికలో ఏ మార్పూ కనబడలేదు. ఆ సందేశాలు పంపినవి విద్యార్థికి పరిచయం లేని పెద్ద సంస్థలు, అందరికీ ఒకే మాట చెప్పాయి. జార్జియా స్టేట్ సందేశం విద్యార్థి చేరబోయే చోటి నుంచే వచ్చింది, అతని ఫైలులో ఏ కాగితం లేదో చూసి ఆ కాగితం గురించే అడిగింది. నా అనుభవంలోనూ 'మీ ప్రవేశ ప్రక్రియను త్వరగా పూర్తి చేయండి' అన్న సందేశానికి జవాబు రాదు, 'మీ తుది మార్కుల జాబితా మాకు అందలేదు, పాఠశాలను అడగమంటారా' అన్న సందేశానికి వెంటనే వస్తుంది.

ఇందుకు కావలసినది సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఒక జాబితా. ఖరారు చేసుకున్న ప్రతి విద్యార్థి పేరు పక్కన ఏ పని మిగిలి ఉందో, ఆ వివరం ఏ విభాగం దగ్గర ఉందో రాసి ఉండాలి. ప్రవేశాల విభాగానికి హాస్టల్ లెక్క తెలియదు, హాస్టల్ విభాగానికి ఆరోగ్య కేంద్రం లెక్క తెలియదు, మొత్తం తెలిసేది విద్యార్థికి ఒక్కడికే, అతనికేమో అందులో ఏది ముఖ్యమో తెలియదు.

భౌతికశాస్త్ర_బోధకుడు

నేను ప్రవేశాల విభాగంలో లేను, మీరు చేర్చినవారికి పాఠం చెప్పేవాణ్ణి. ఈ చర్చలో లెక్కలన్నీ తరగతులు మొదలైన రోజు దగ్గర ఆగిపోతున్నాయి. మాకు అసలు లెక్క అక్కడే మొదలవుతుంది. మొదటి సంవత్సరం చేరినవారిలో రెండో సంవత్సరానికి ఎంతమంది తిరిగి వచ్చారన్నది మీ పేజీలో ఉండాలి, అది కూడా ఏ కోర్సులో, ఏ మార్గంలో చేరినవారన్న వివరంతో సహా ఉండాలి. ఇంజనీరింగ్‌లో సీట్లు నిండలేదని, గణితంలో తగిన పునాది లేనివారిని అందులోకి మళ్లిస్తే, మొదటి సెమిస్టరు ముగిసేసరికి మా ఫలితాల జాబితాలో అది కనబడుతుంది. ఆ విద్యార్థికి ఒక ఏడాది, ఒక ఏడాది ఫీజు పోతాయి.

మరొక మనవి. ప్రచార పుస్తకాల్లో ప్రయోగశాలల గురించి, విద్యార్థులు చేసే పరిశోధనల గురించి రాసేటప్పుడు ఆ శాఖవారికి ఒకసారి చూపించండి. మొదటి సంవత్సరంలోనే పరిశోధన చేయవచ్చని ఆశపడి వచ్చినవారికి, అది మూడో సంవత్సరంలో కొద్దిమందికే దొరుకుతుందని చెప్పవలసి వచ్చేది మేము.

పాతరిజిస్ట్రార్

బోధకుడు గారు చెప్పినదానికి కొనసాగింపుగా, అంకెల వెంట పడితే సంస్థలు ఏం చేస్తాయో రెండు మూడు సంగతులు చెబుతాను. బ్రిటన్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు, మమ్మల్నే మొదటి ఎంపికగా ఖాయం చేసుకుంటే మీ పరీక్ష ఫలితాలతో నిమిత్తం లేకుండా సీటు ఇస్తామని విద్యార్థులకు చెప్పసాగాయి. చేరికల అంకెలకు అది మేలు చేసింది. అటువంటి ఆఫర్ అందుకున్న విద్యార్థులు తమకు అంచనా వేసిన గ్రేడ్లను అందుకోలేకపోవడం ఎక్కువైందని యూకాస్ స్వయంగా గుర్తించింది, 2020లో ఇంగ్లండ్ ఉన్నత విద్య నియంత్రణ సంస్థ ఆ పద్ధతిని తాత్కాలికంగా నిషేధించింది. కొలంబియా విశ్వవిద్యాలయం సంగతి మీకు తెలిసే ఉంటుంది. ర్యాంకింగ్ కోసం ఇచ్చిన కొన్ని వివరాలను అదే విశ్వవిద్యాలయపు గణిత ఆచార్యుడు ప్రశ్నించడంతో 2022లో దాని స్థానం 2 నుంచి 18కి పడిపోయింది.

దరఖాస్తులు పెంచుకుని ఎక్కువమందిని తిరస్కరిస్తే ర్యాంకు పెరుగుతుందని నమ్మే అధికారులు ఇప్పటికీ ఉన్నారు. ప్రసిద్ధమైన యూఎస్ న్యూస్ ర్యాంకింగ్‌లో ప్రవేశ శాతాన్ని లెక్కించడం 2018లోనే మానేశారని వారికి మర్యాదగా చెప్పవచ్చు.

పోటీ నియమాలు కూడా మారాయి. అమెరికాలో ప్రవేశాల అధికారుల జాతీయ సంఘం పాత నియమావళి ప్రకారం, మే 1 తరువాత వేరే చోట సీటు ఖరారు చేసుకున్న విద్యార్థిని పిలిచి ఆశ పెట్టకూడదు. అది పోటీని అడ్డుకుంటోందని న్యాయశాఖ అభ్యంతరం చెప్పడంతో 2019లో ఆ నియమాన్ని తొలగించారు. ఇప్పుడు ఖరారైన సీటు అంటే ఖరారైనదని అనుకోవడానికి లేదు. వేసవిబల్ల గారు చేస్తున్న పనికి అందువల్ల కూడా విలువ పెరిగింది.

కొత్తబాధ్యత

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా దగ్గర ఆఫర్ ఉత్తరానికీ ఖర్చు వివరాలకూ మధ్య ఉన్న వ్యవధిని అడిగి చూశాను. ఆర్థికసాయం_బల్ల గారు ఊహించినట్టే ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. రెండు విభాగాల రికార్డులు పక్కపక్కన పెట్టి తీయించుకుంటున్నాను.

యాజమాన్యానికి ఇవ్వబోయే పేజీలో దరఖాస్తులను మూడు గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపు నుంచి ఖరారైనవారు, చేరినవారు, రెండో సంవత్సరానికి తిరిగి వచ్చినవారు అన్న మూడు అంకెలు పెడుతున్నాను. దరఖాస్తుల మొత్తం కూడా ఉంటుంది. సందేహజీవి గారు చెప్పినట్టు, దాన్ని దాచిపెడితే నేనేదో తప్పించుకుంటున్నాననుకుంటారు.

ఒక కొత్త ప్రశ్న తలెత్తింది. ప్రతి దరఖాస్తుదారు చేరే అవకాశం ఎంతో అంచనా వేసి మార్కులిచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఒక సంస్థ మాకు చూపించింది. ఎటూ చేరేవారికి స్కాలర్‌షిప్ తగ్గించి, ఊగిసలాడేవారికి పెంచితే అదే బడ్జెట్‌తో ఎక్కువమంది చేరతారని వారి వాదన. యాజమాన్యానికి ఇది నచ్చింది. నాకు మనస్కరించడం లేదు, కానీ కాదనడానికి మనసొప్పడం లేదన్న ఒక్క కారణం చాలదు కదా.

లెక్కలగది

మూడు మాటలు. మొదటిది, వారి నమూనాను మీ పాత వివరాలతో పరీక్షించమనండి. నిరుటికి ముందటి ఏళ్ల సమాచారం ఇచ్చి, నిరుటి తరగతిని అంచనా వేయమనండి, ఆ అంచనాను మీకు ముందే తెలిసిన ఫలితంతో పోల్చండి. దీనికి ఒప్పుకోని సంస్థతో మాట్లాడవలసిన అవసరమే లేదు. రెండోది, అటువంటి మార్కులు గత అలవాట్లను తిరిగి చూపిస్తాయి. ఇంతకుముందు మీరు వెళ్లని ప్రాంతాల విద్యార్థులకు తక్కువ మార్కులు వస్తాయి, తక్కువ మార్కులున్నవారికి మీవాళ్లు ఫోన్ చేయరు, చేయకపోతే వారు చేరరు, మరుసటి ఏడాది నమూనా తన అంచనా నిజమైందని చెబుతుంది. మూడోది, ఆ మార్కులను ఎవరికి ముందు ఫోన్ చేయాలో తేల్చుకోవడానికి వాడండి, ఎవరికి సీటు ఇవ్వాలో, ఎంత సాయం ఇవ్వాలో తేల్చడానికి వాడకండి.

సందేహజీవి

మూడో మాటతో నేను ఏకీభవించలేను. స్కాలర్‌షిప్ బడ్జెట్ అపరిమితం కాదు. ఏ అంచనా లేకుండా పంచినా, ఎవరో ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ ఇస్తూనే ఉన్నాం, ఎందుకు ఇస్తున్నామో మనకే తెలియకుండా ఇస్తున్నాం.

ఆర్థికసాయం_బల్ల

బడ్జెట్ పరిమితమే, అందువల్లే అది అవసరాన్ని బట్టి వెళ్లాలి. ఎటూ చేరే విద్యార్థి అంటే తరచుగా ఇంటికి దగ్గరలో వేరే కళాశాల లేనివాడు, ఇదే కావాలని మొదటి నుంచి చెప్పినవాడు, ప్రాంగణానికి వచ్చి ఆసక్తిగా ప్రశ్నలు అడిగినవాడు. అతని ఇష్టాన్ని ఆసరాగా చేసుకుని అతనికే సాయం తగ్గిస్తున్నాం. చేరినాక పక్క గదిలోని స్నేహితుడి ఉత్తరం చూసినప్పుడు ఆ సంగతి తెలియకపోదు. పైగా అంత సాయం లేకుండా చేరినవాడే రెండో సంవత్సరం ఫీజు దగ్గర ఆగిపోతాడు, అప్పుడు బోధకుడు గారు అడిగిన లెక్క తప్పుతుంది. కొత్తబాధ్యత గారు యాజమాన్యానికి చెప్పవలసిన కారణం ఇదే: మొదటి సంవత్సరం మిగిల్చిన డబ్బు రెండో సంవత్సరంలో విద్యార్థితో సహా పోతుంది. మీ పాత రికార్డుల్లో, అవసరానికీ ఇచ్చిన సాయానికీ మధ్య తేడా ఎక్కువగా ఉన్నవారు ఎంతమంది తిరిగి వచ్చారో తీసి చూడండి. నా మాట తప్పయితే అదీ అక్కడే తేలుతుంది.

ప్రయాణపుసంచి

ఫోన్ల విషయంలో ఒక చిన్న చేర్పు. మార్కుల జాబితాలో పై వరుసలో ఉన్నవారికి ఉద్యోగులు, కింది వరుసలవారికి విద్యార్థి వాలంటీర్లు ఫోన్ చేయడం చాలా చోట్ల ఆనవాయితీ. దీన్ని తిరగేసి చూడండి. ఇప్పటికే ఇష్టపడుతున్నవారికి రెండో సంవత్సరం విద్యార్థి మాట్లాడితే చాలు, వారు అడిగేవి హాస్టల్ గురించి, స్నేహితుల గురించి. ఊగిసలాడేవారికీ, మనకు అలవాటు లేని ప్రాంతాలవారికీ, ఖర్చు గురించి, కోర్సు మార్పు గురించి అక్కడికక్కడే సమాధానం చెప్పగల ఉద్యోగి కావాలి. ఫోన్ చేసినవారు ఏం విన్నారో రెండు వాక్యాల్లో రాసి పెట్టమనండి.

లెక్కలగది

సందేహజీవి గారి అభ్యంతరానికి రికార్డులు తీశాకే జవాబు చెప్పగలం కాబట్టి దాన్ని అంతవరకు పక్కన పెడుతున్నాను. కొత్తబాధ్యత గారికి చివరిగా ఒక సాంకేతికమైన సలహా. చాలా సంస్థల సాఫ్ట్‌వేర్‌లో దరఖాస్తు స్థితి మారినప్పుడల్లా పాత స్థితి చెరిగిపోతుంది, అందువల్ల నిరుడు ఇదే తేదీకి ఎంతమంది ఖరారు చేసుకున్నారని అడిగితే చెప్పడానికి ఏమీ మిగలదు. ఈ వారం నుంచే, వారానికి ఒకసారి ఒకే రోజున, మొత్తం జాబితాను అప్పటికున్న స్థితిలో వేరే ఫైలుగా భద్రపరచమని మీ కంప్యూటర్ విభాగానికి చెప్పండి. మూడు గుంపుల విభజన కూడా అందులో ఉండాలి. వచ్చే ఏడాది ఇదే వారంలో పోల్చుకోవడానికి మీకు ఆ ఫైలు తప్ప వేరే ఆధారం ఉండదు.